గదిలో ఆరుగురు, కంప్యూటరు ఒకటి: రూటు పెత్తనం ఎవరికి?

దుబాయ్, షార్జా, అజ్మాన్‌లలో ఒక ఫ్లాటునో ఒక గదినో నలుగురైదుగురు పంచుకుని ఉండే మనవాళ్ళ ఇళ్ళలో చాలా వస్తువులు ఉమ్మడివి. ఫ్రిజ్జు, రైస్ కుక్కరు, ఇస్త్రీపెట్టె, వాటితో పాటే మూలన బల్ల మీదుండే కంప్యూటరూ. దాన్ని ఎవరో ఎప్పుడో సెకండ్ హ్యాండులో కొని ఉంటారు. వైరస్సుల బాధ పడలేక ఇంకెవరో దాంట్లో ఉబుంటు వేసి ఉంటారు. వేసినవాడు పెట్టిన ఖాతా ఒకటే, పాస్‌వర్డు ఒకటే. అది గదిలో ఉన్న ఆరుగురికీ తెలుసు. పోయినేడు వీసా రద్దు చేయించుకుని వెళ్ళిపోయినవాడికీ తెలుసు.

ఇప్పుడు అందులో ఏముంటాయో ఒకసారి చూడండి. పాస్‌పోర్టు, వీసా, ఎమిరేట్స్ ఐడీల స్కాన్లు. టైపింగ్ సెంటరుకు ఇవ్వడానికి దాచుకున్న కాయితాలు. ఇంటికి డబ్బు పంపిన ఎక్స్ఛేంజి రశీదులు. బ్రౌజరు గుర్తుపెట్టుకున్న బ్యాంకు ఖాతాలు. లినక్సు వాడితే వైరస్సులు రావన్న ధీమాతో ఇవన్నీ తలుపు తీసి పెట్టినట్టు ఉంచేస్తాం. లినక్సుకున్న భద్రతలో పెద్దవాటా వైరస్సులు తక్కువ కావడం వల్ల వచ్చింది కాదు. ఎవరు ఏం చెయ్యొచ్చో విడదీసి చెప్పే ఏర్పాటు వల్ల వచ్చింది. ఒకే ఖాతాను అందరూ వాడితే ఆ ఏర్పాటును మనమే తీసి పక్కన పెట్టినట్టు. దాన్ని తిరిగి ఎలా నిలబెట్టుకోవాలో ఈ వ్యాసంలో చూద్దాం. ఆదేశాల పేర్లను తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్లో మాత్రం వాటిని చిన్నబడి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

యూనిక్సు కుటుంబంలో ప్రతి వాడుకరికీ ఒక సంఖ్య ఉంటుంది. కెర్నెలు చూసేది ఆ సంఖ్యనే, పేరును కాదు. సంఖ్య 0 ఎవరిదైతే వాళ్ళకు అడ్డు లేదు: ఏ ఫైలైనా చదవొచ్చు, చెరపొచ్చు, ఎవరి పాస్‌వర్డైనా మార్చొచ్చు, డిస్కు మొత్తం తుడిచెయ్యొచ్చు. ఆ సున్నాకు వాడుకలో ఉన్న పేరే రూట్. కావాలంటే ఈటీసీ ఫోల్డరులో ఉన్న పాస్‌డబ్ల్యుడి అనే ఫైలు తెరిచి చూడండి. ప్రతి వరసలోనూ కోలన్ల మధ్య మూడో గడిలో ఉండేదే ఈ సంఖ్య. అక్కడ 0 అన్నది రూట్‌కు తప్ప మరెవరికైనా ఉంటే ఆ కంప్యూటరులో ఎవరో దొడ్డిదారి పెట్టారని అర్థం. చేతికి కొత్తగా వచ్చిన పాత కంప్యూటరులో నేనైతే మొదట చూసేది అదే. ఆమాటకొస్తే సెకండ్ హ్యాండు కంప్యూటరు కొన్నాక అందులో ఉన్నదంతా చెరిపి లినక్సును మళ్ళీ వేసుకోవడమే మేలు. అరగంట పని, అంతే.

పాతకాలం పద్ధతిలో రూట్‌కు విడిగా ఒక పాస్‌వర్డు ఉండేది. అవసరమైనప్పుడు 'సు' అనే ఆదేశంతో ఆ పాస్‌వర్డు కొట్టి రూట్ అవతారం ఎత్తేవాళ్ళు. దీనితో తంటా ఏమిటంటే, పదిమంది అజమాయిషీ చేసే చోట ఆ పాస్‌వర్డు పదిమందికీ తెలియాలి. ఏ పని ఎవరు చేశారో తేలదు, లాగులో అంతా రూట్ చేసినట్టే ఉంటుంది. ఒక్కరు మానేస్తే పాస్‌వర్డు మార్చి మిగతా తొమ్మిదిమందికీ చెప్పుకోవాలి. ఈ చిక్కు విప్పడానికే 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలోలో, న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ అనే ఇద్దరు 'సుడో' రాశారు. ఇందులో ఎవరి పాస్‌వర్డు వాళ్ళే కొడతారు. ఫలానా వాడికి రూట్ పని చేసే హక్కు ఉందా లేదా అన్నది ఒక పట్టికలో రాసి ఉంటుంది. ఉంటే పని జరుగుతుంది, ఎవరు చేశారో లాగులో నమోదవుతుంది. పట్టికలోంచి పేరు తీసేస్తే హక్కు పోతుంది. మిగతావాళ్ళ పాస్‌వర్డుల జోలికి వెళ్ళనక్కర్లేదు.

2004 అక్టోబరులో వచ్చిన మొదటి ఉబుంటు ఈ పద్ధతినే డెస్క్‌టాపుకు తెచ్చింది. అందులో రూట్ ఖాతా ఉంటుంది కానీ దానికి పాస్‌వర్డు ఉండదు, తాళం వేసి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టిన మొదటి వాడుకరికి సుడో హక్కు దానంతటదే వస్తుంది. డెబియన్ మాత్రం రూట్ పాస్‌వర్డు కావాలా అని అడుగుతుంది. ఆ గడిని ఖాళీగా వదిలేస్తే అది కూడా సుడో దారే పడుతుంది. ఓపెన్‌స్యూజ్‌లో సుడో కొట్టినా చాలాకాలం రూట్ పాస్‌వర్డునే అడిగేది, కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడ తికమక పడేవాళ్ళు. 'సుడో ఎందుకు, రూట్‌కే పాస్‌వర్డు పెట్టుకుంటే పోలా' అనే సలహాలు పాత పాఠాల్లో చాలా కనిపిస్తాయి. ఒంటరిగా వాడే కంప్యూటరు అయితే పెద్ద నష్టం లేదు. ఉమ్మడి కంప్యూటరులో మాత్రం అది సుడో తీసేసిన తలనొప్పిని తిరిగి తెచ్చి నెత్తిన పెట్టుకోవడమే. ఇప్పటికే పెట్టేసి ఉంటే, ముందు మీ సుడో పనిచేస్తోందో లేదో చూసుకుని, 'సుడో పాస్‌డబ్ల్యుడి' తర్వాత హైఫన్, ఎల్ అక్షరం, ఖాళీ, రూట్ అని కొడితే మళ్ళీ తాళం పడుతుంది.

ఇక గదిలో చెయ్యాల్సిన పని. ఆరుగురికీ ఆరు ఖాతాలు పెట్టండి. సెట్టింగ్స్‌లో యూజర్స్ అనే చోట మౌసుతోనే అయిపోతుంది. టెర్మినల్లో అయితే 'సుడో యాడ్‌యూజర్ రమణ' అంటే రమణ పేరుతో ఖాతా వస్తుంది. ఈ ఆరుగురిలో అడ్మినిస్ట్రేటరు హక్కు ఎంతమందికి ఇవ్వాలి? ఇద్దరికి. ఒక్కడికే ఇస్తే అతను రెండు నెలల సెలవు మీద ఊరికి పోయినప్పుడు ప్రింటరు పెట్టుకోవడానికి కూడా దిక్కుండదు. అందరికీ ఇస్తే ఇవ్వనట్టే. ఎందుకంటే సుడో ఉన్న ప్రతివాడూ మిగతా అందరి ఫైళ్ళూ చూడగలడు, తన ఆనవాళ్ళను లాగులోంచి చెరపగలడు కూడా. ఇది మొహమాటం లేకుండా మాట్లాడుకోవాల్సిన విషయం. వయసులో పెద్దవాడనో, కంప్యూటరు తనే కొన్నాడనో కాదు. ఎవరైతే అడిగినదానికల్లా 'అవును' నొక్కెయ్యరో వాళ్ళకు ఇవ్వాలి.

ఉబుంటులో ఈ హక్కు 'సుడో' అనే పేరుతోనే ఉన్న గ్రూపుతో ముడిపడి ఉంటుంది. 2012 దాకా దాని పేరు 'అడ్మిన్'. ఫెడోరాలో 'వీల్'. 'గెట్‌ఎంట్ గ్రూప్ సుడో' అని కొడితే అందులో ఎవరెవరున్నారో కనిపిస్తుంది. 'సుడో యాడ్‌యూజర్ రమణ సుడో' అంటే రమణ ఆ గ్రూపులో చేరతాడు. తీసెయ్యడానికి 'సుడో డెల్‌యూజర్ రమణ సుడో'. ఇక్కడ ఒక్క జాగ్రత్త. చివరి 'సుడో' అన్న మాట మరిచిపోయి ఎంటర్ కొడితే గ్రూపులోంచి కాదు, రమణ ఖాతానే పోతుంది. ఫైళ్ళు మామూలుగా అక్కడే ఉంటాయి కానీ అతన్ని తిరిగి నిలబెట్టడం పెద్ద పని. ఇంకోటి, చేర్చినా తీసినా ఆ మార్పు రమణ ఒకసారి లాగవుట్ అయి వచ్చాకే అమల్లోకి వస్తుంది. తెరిచి ఉన్న పాత సెషనులో పాత హక్కులే నడుస్తుంటాయి. అందుకని హక్కు తీశాక కంప్యూటరును ఒకసారి రీస్టార్టు చేసెయ్యడం సులువు.

గది ఖాళీచేసి వెళ్ళేవాడి ఖాతా వెంటనే చెరిపెయ్యక్కర్లేదు. అతని ఫైళ్ళు పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చేదాకా మూసి ఉంచితే చాలు. పాస్‌డబ్ల్యుడికి హైఫన్ ఎల్ తగిలించడం సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది పాస్‌వర్డుకు మాత్రమే తాళం. బయటినుంచి ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవితో వచ్చే దారి ఉంటే అది తెరిచే ఉంటుంది. పూర్తిగా మూయాలంటే 'సుడో యూజర్‌మాడ్' తర్వాత రెండు హైఫన్లు, 'ఎక్స్‌పైర్‌డేట్', ఖాళీ, 1, ఖాళీ, పేరు. 1970 జనవరి 2న గడువు తీరిపోయిన ఖాతాగా దాన్ని లెక్కగడుతుంది కంప్యూటరు.

సుడో ఒకసారి పాస్‌వర్డు అడిగాక ఉబుంటులో 15 నిమిషాల పాటు అదే టెర్మినల్లో మళ్ళీ అడగదు. టీ పెట్టుకోవడానికి లేచి వెళ్ళే ముందు 'సుడో'కు హైఫన్, కె తగిలించి కొడితే ఆ గడువు అక్కడికక్కడ ముగిసిపోతుంది. తెరకు తాళం వెయ్యడం ఇంకా మంచిది.

ఖాతాలు విడదీసినంత మాత్రాన ఎవరి గుట్టు వాళ్ళకు దక్కుతుందనుకుంటే పొరపాటు. ఉబుంటులో 2021 ఏప్రిల్‌లో వచ్చిన 21.04 దాకా ఒకరి హోమ్ ఫోల్డరును మిగతా వాడుకరులు ఎవరైనా తెరిచి చదవొచ్చు. మార్చడానికి వీల్లేదు, చదవడానికి ఉంది. ఇంట్లోవాళ్ళు ఒకరి ఫైళ్ళు ఒకరు పంచుకుంటారులే అన్నది అప్పటి ఆలోచన. 21.04 నుంచి కొత్తగా పెట్టే ఖాతాలకు ఆ తలుపు మూసి వస్తోంది. కానీ పాత ఉబుంటును అప్‌గ్రేడు చేసుకుంటూ వచ్చిన కంప్యూటరులో పాత ఖాతాల తలుపులు అలాగే తెరిచి ఉంటాయి. ప్రతివాడూ తన ఖాతాలో 'సీహెచ్‌మాడ్ 750' అని, తన హోమ్ ఫోల్డరు పేరు కొట్టుకుంటే సరి. దీనికి సుడో కూడా అక్కర్లేదు. పాస్‌పోర్టు స్కాన్లున్న ప్రతి ఉమ్మడి కంప్యూటరులోనూ ఈరోజే చెయ్యాల్సిన పని ఇది. అయితే పైన చెప్పినట్టు సుడో ఉన్న ఇద్దరికి ఇదేం అడ్డు కాదు. వాళ్ళ కంటా పడకూడనివేవైనా ఉంటే విడిగా ఎన్‌క్రిప్టు చేసిన పెన్‌డ్రైవులో పెట్టుకోవాలి.

పాస్‌వర్డు దాచుకోవడం ఒక ఎత్తు, దాన్ని ఎక్కడ కొడుతున్నామో చూసుకోవడం ఇంకో ఎత్తు. దీనికి యూఏఈలోనే జరిగిన ఉదాహరణ ఉంది. 2009 జులైలో ఎతిసలాత్ సంస్థ బ్లాక్‌బెర్రీ వాడే తన చందాదారులకు ఒక అప్‌డేటు పంపింది. ఫోను పనితీరు మెరుగుపడుతుంది, వేసుకోండి అని సందేశం. అప్పట్లో ఆ సంస్థకు 1,45,000 మందికి పైగా బ్లాక్‌బెర్రీ చందాదారులుండేవారు. వేసుకున్నవాళ్ళ ఫోన్లలో బ్యాటరీ చూస్తుండగానే అయిపోవడం మొదలయింది. నిపుణులు విప్పి చూస్తే తేలిందేమిటంటే, బయటినుంచి ఆదేశం వస్తే ఆ ఫోనులోని ఈమెయిళ్ళ నకళ్ళు పంపగల ప్రోగ్రాము అది. పుట్టినచోటు అమెరికాలోని ఎస్ఎస్8 అనే సంస్థ. బ్లాక్‌బెర్రీ తయారీదారు రిమ్ అది తమ అప్‌డేటు కాదని ప్రకటించి, దాన్ని తీసెయ్యడానికి ఒక ఉపకరణం విడుదల చేసింది. ఎతిసలాత్ మాత్రం 2జీ, 3జీల మధ్య ఫోను మారేటప్పుడు వచ్చే ఇబ్బందుల కోసమే పంపామంది. ఇందులో ఎవరి పాస్‌వర్డూ దొంగతనం కాలేదు. ఎవరూ తాళం పగలగొట్టలేదు. సొంతదారులే 'అవును' నొక్కి లోపలికి పిలిచారు.

లినక్సు డెస్క్‌టాపులో ఆ 'అవును' నొక్కే చోటు సుడో పాస్‌వర్డు కొట్టే చోటే. ఏదో సైటులో దొరికిన డెబ్ ఫైలును ఇన్‌స్టాల్ చేస్తే, దానితోపాటు వచ్చే స్క్రిప్టులు రూట్ హక్కుతో నడుస్తాయి. బయటి భాండాగారాన్ని ఒకసారి చేర్చుకుంటే, దాని నిర్వాహకుడు రేపు పంపే ప్రతి అప్‌డేటూ రూట్ హక్కుతోనే లోపలికొస్తుంది. ఇంటర్నెట్టులో కనిపించిన ఆదేశాన్ని అర్థం చేసుకోకుండా కాపీ చేసి టెర్మినల్లో అతికించడం కూడా ఇదే కోవ. దాని మొదట్లో సుడో ఉంటే ఒక నిమిషం ఆగి, ఒక్కో మాటకూ అర్థం వెతుక్కోండి. పంపిణీ తాలూకు సొంత సాఫ్టువేరు సెంటరులో దొరికేదాన్ని బయటినుంచి తెచ్చుకోకండి.

అలాగని అప్‌డేట్లు ఆపెయ్యకూడదు. ఎంత జాగ్రత్తగా హక్కులు పంచినా, పంచే సాధనంలోనే తప్పుండొచ్చు. 2006 మార్చిలో ఉబుంటు 5.10లో ఒక విడ్డూరం బయటపడింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి వాడుకరి పెట్టిన పాస్‌వర్డు, ఇన్‌స్టాలరు రాసుకున్న లాగు ఫైల్లో ఉన్నదున్నట్టు మిగిలిపోయింది. ఆ ఫైలును ఎవరైనా చదవొచ్చు. ఆ పాస్‌వర్డే సుడోకు తాళంచెవి! దిద్దుబాటు వెంటనే వచ్చింది. 2021 జనవరిలో క్వాలిస్ సంస్థవాళ్ళు సుడోలోనే ఒక లోపం పట్టుకున్నారు. సుడో హక్కు లేని మామూలు వాడుకరి కూడా దాంతో రూట్ అయిపోవచ్చు. ఆ లోపం 2011 నుంచి, అంటే దాదాపు పదేళ్ళుగా అందులోనే ఉంది. మరుసటేడు జనవరిలో పీకెఎగ్జెక్ అనే సోదర సాధనంలో అలాంటిదే దొరికింది, అది 2009 నాటిది. ఈ అనుభవాల వల్లే కావచ్చు, మెమరీ తప్పులకు తక్కువ తావిచ్చే రస్ట్ భాషలో సుడోను తిరగరాశారు; 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో ఆ కొత్త సుడోనే మొదటినుంచీ ఉంటుంది. ఇద్దరు అడ్మినిస్ట్రేటర్లకు వారానికో పని అంటూ ఉంటే అది అప్‌డేట్లు వెయ్యడమే.

పాస్‌వర్డు మరిచిపోతే? ఉబుంటులో కంప్యూటరు లేచేటప్పుడు ఎస్కేప్ మీటనో షిఫ్టునో నొక్కితే గ్రబ్ పట్టీ వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో రికవరీ మోడు ఎంచుకుని, అందులో రూట్ అన్న వరస మీద ఎంటర్ కొడితే నేరుగా రూట్ చేతికొస్తుంది, పాస్‌వర్డు అడగకుండానే. డిస్కు చదవడానికి మాత్రమే వీలయ్యే స్థితిలో ఉంటే రాయడానికి వీలయ్యేలా మళ్ళీ మౌంటు చేసి, 'పాస్‌డబ్ల్యుడి'తో మీ పేరుకు కొత్త పాస్‌వర్డు పెట్టుకోవడమే. ఎంత సులువు! ఎవరికైనా అంతే సులువు. మీరు డ్యూటీకి పోయినప్పుడు గదిలో ఉన్నవాడికీ, లాప్‌టాపు బాగుచేయించడానికి ఇచ్చిన దుకాణంలో కుర్రాడికీ. రూట్‌కు పాస్‌వర్డు పెడితే రికవరీ మోడు దాన్ని అడుగుతుంది కానీ, గ్రబ్‌లో బూటు వరసను మార్చి ఆ అడ్డును దాటెయ్యొచ్చు. గ్రబ్‌కే పాస్‌వర్డు పెడితే ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవు పెట్టి డిస్కు చదివెయ్యొచ్చు. ఆ గ్రబ్ పాస్‌వర్డు కథ కూడా ఒకటుంది: పేరు అడిగేచోట బ్యాక్‌స్పేసు మీటను 28 సార్లు నొక్కితే అది పక్కకు తప్పుకునేదని 2015 డిసెంబరులో స్పెయిన్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులు చూపించారు.

కంప్యూటరు చేతికి దొరికినవాడిని ఆపగలిగేది డిస్కును ఎన్‌క్రిప్టు చెయ్యడం ఒక్కటే. ఉబుంటు ఇన్‌స్టాలరు 2012 నుంచీ మౌసుతోనే ఈ పని చేసిపెడుతోంది. లక్స్ అనే పద్ధతిలో డిస్కు మొత్తాన్ని గుప్తీకరిస్తుంది. లేచేటప్పుడు సరైన పదబంధం కొడితేనే డిస్కు తెరుచుకుంటుంది. మరిచిపోతే ఉబుంటు తయారుచేసినవాళ్ళ వల్ల కూడా కాదు, ఫొటోలతో సహా అన్నీ పోయినట్టే. మరి ఆరుగురి గదిలో దీన్ని ఎలా వాడాలి, మళ్ళీ ఒకే పదబంధం అందరికీ చెప్పాలా అంటే, అక్కర్లేదు. లక్స్‌లో ఒకే డిస్కుకు పలు తాళంచెవులు పెట్టుకోవచ్చు. పాత లక్స్1లో 8, లక్స్2లో 32 దాకా. 'క్రిప్ట్‌సెటప్' అనే సాధనంతో ఒక్కొక్కరికీ ఒక్కో పదబంధం చేర్చండి. ఒకరు వెళ్ళిపోతే అతని గడిని ఖాళీ చెయ్యండి. అతను ముందే డిస్కు మొదట్లో ఉండే హెడరును నకలు తీసుకుని ఉంటే తప్ప ఇక తెరవలేడు. ఇంకో గడిలో పొడుగాటి పదబంధం ఒకటి పెట్టి, కాయితం మీద రాసి కవరులో అంటించి ఊళ్ళో ఇంటివాళ్ళ దగ్గర ఉంచండి. పరాయిదేశంలో ఉన్నవాడికి ఏదైనా అయితే, అతని కంప్యూటరు పెట్టెలో సర్ది ఇంటికి పంపేవాళ్ళుంటారు కానీ దాన్ని తెరిచిపెట్టేవాళ్ళు ఉండరు.

పొరుగువాడి ఖాతాలోకి 'ఊరికే చూద్దామని' తొంగిచూడటం ఇక్కడ సరదా వ్యవహారం కాదని కూడా చెప్పాలి. యూఏఈలో 2006లోనూ, ఆ తర్వాత 2012లోనూ సైబర్ నేరాల చట్టాలు వచ్చాయి. 2022 జనవరి 2 నుంచి 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ చట్టం అమల్లోకి వచ్చింది. కంప్యూటరు వ్యవస్థలోకి చొరబడితే జైలు గానీ, లక్ష నుంచి మూడు లక్షల దిర్హాముల జరిమానా గానీ, రెండూ గానీ. అనుమతి లేకుండా ఇతరుల పాస్‌వర్డు సంపాదించడం కూడా అందులో నేరమే. ఎవరి ఖాతా వాళ్ళకుంటే, ఏదైనా గొడవ వచ్చినప్పుడు ఎవరు చేశారన్నది తేల్చుకోవడానికి లాగులో ఆధారం అంటూ ఒకటి మిగులుతుంది. అందరిదీ ఒకే ఖాతా అయితే అందరి మీదా అనుమానమే.

చివరగా తెలుగు కీబోర్డు సంగతి. ఇన్‌స్క్రిప్టు లేఅవుటు వాడేవాళ్ళు పాస్‌వర్డును తెలుగులో పెట్టుకుంటే ఎవరూ ఊహించలేరు కదా అని అడుగుతుంటారు. ఊహించలేరు నిజమే, మీరూ లోపలికి రాలేరు. లక్స్ పదబంధం అడిగే తెరకూ, రికవరీ మోడుకూ తెలుగు లేఅవుటు ఉండదు. పాస్‌వర్డు పెట్టేముందు పైన పట్టీలో ఏ లేఅవుటు ఉందో చూసుకోండి. అక్షరాలు చుక్కలుగా కనబడతాయి కాబట్టి తేడా అక్కడ తెలియదు. యూకే, యూఎస్ లేఅవుట్ల మధ్య ఎట్ గుర్తూ డబుల్ కోట్సూ తారుమారవుతాయి, కనుక ఆ రెంటినీ పాస్‌వర్డులో వాడకుండా ఉంటే మంచిది. గుర్తులు బదులు పొడవు పెంచండి. మీ ఊరి దారిలో వరసగా వచ్చే అయిదారు ఊళ్ళ పేర్లు అయితే తోటి ఊరివాడు ఊహిస్తాడు. ఒకదానికొకటి సంబంధం లేని అయిదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసుకుంటే ఏ కీబోర్డు మీదైనా కొట్టగలరు.